జీతం ఉండగా భయమెందుకు, ఆ భయంతో ప్రభుత్వాలు ఎలా మారతాయి

"ఆకలితో ఉన్నవాడు వీధికెక్కితే అర్థం చేసుకోగలను. ఉద్యోగం, ఇల్లు, కారు ఉన్న మధ్యతరగతికి అభద్రత ఏమిటి? దానివల్ల దేశాల రాజకీయాలే తారుమారవుతున్నాయనడం అతిశయోక్తి కాదా?" అని అడిగారు. కాదండి. నేను ఇరవయ్యారేళ్లు బ్యాంకులో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం ఇళ్ల లోన్ల సెక్షన్‌లోనే. ఆ తర్వాత ఈ విషయం మీద చదవగలిగినంత చదివాను. నాకు తేలింది ఇది: లేనివాడి లేమి కంటే, ఉన్నది పోతుందేమోనన్న భయమే రాజకీయాలను ఎక్కువగా కదిలిస్తుంది. పైగా ఆ భయానికి తనంతట తానుగా ఒక దిక్కు ఉండదు. ముందుగా ఎవరొచ్చి "నీ కష్టానికి కారణం ఫలానా" అని చూపిస్తే అటు నడుస్తుంది.

లోన్ ఫైల్ వస్తే అందరూ ముందు జీతం ఎంతో చూస్తారు. నేను మాత్రం ఐదో తారీకు సాయంత్రానికి అకౌంట్‌లో ఎంత మిగులుతుందో చూసేవాణ్ని. ఒక జంట బాగా గుర్తుంది. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, పదేళ్లలో ఇద్దరి జీతాలూ రెట్టింపయ్యాయి, ఒక్క వాయిదా కూడా తప్పలేదు. స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని పెన్సిల్‌తో గీతలు పెడుతూ పోయాను. పాత ఇంటి వాయిదా, కారు వాయిదా, పిల్లల ఫీజులు, ఇన్సూరెన్స్ ప్రీమియం, ఆయన అమ్మగారి మందులు. అన్నీ పోగా మిగిలింది ఒక జీతంలో పదో వంతు కూడా లేదు. "మీ ఇద్దరిలో ఒకరి జీతం మూడు నెలలు రాకపోతే ఎలాగండీ?" అని అడిగాను, ఆ ప్రశ్న అడగడం నా పని. ఆయన ఏదో లెక్క చెప్పబోయారు. ఆవిడ ఆయన చేతి మీద చెయ్యి వేసి, "అలా జరగకూడదండీ" అన్నారు. జరగదు అనలేదు, జరగకూడదు అన్నారు. వాళ్లను పేదలంటే ఎవరూ ఒప్పుకోరు, వాళ్లూ ఒప్పుకోరు. కానీ ఆ ఇంట్లో రాత్రిపూట నిద్ర ఎలా పడుతుందో నాకు ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. ధనిక దేశాల కూటమి ఓఈసీడీ 2019లో తన సభ్య దేశాల లెక్కలు తీస్తే, మధ్య ఆదాయ కుటుంబాల్లో ప్రతి ఐదింటిలో ఒకటి కంటే ఎక్కువే సంపాదన కంటే ఎక్కువ ఖర్చు పెడుతున్నట్టు తేలింది. ఆదాయం పెరగలేదని కాదు. ఇల్లు, చదువు, వైద్యం ఈ మూడింటి ధరలు ఆదాయం కంటే వేగంగా పెరిగాయి. టీవీ, ఫోన్, బట్టలు చౌకయ్యాయి కాబట్టి బయటి నుంచి చూసేవాళ్లకు "అన్నీ ఉన్నాయిగా వీళ్లకి" అనిపిస్తుంది. కొనుక్కోగలిగినవేమో వాయిదా వేసుకున్నా ఫర్వాలేనివి, అందనంత దూరం పోయినవేమో అవి లేకపోతే మధ్యతరగతిలో నిలబడనివ్వనివి.

దీనికి తోడు ఇంకోటి జరిగింది, దీని గురించి తక్కువ మంది మాట్లాడతారు. ఒకప్పుడు ప్రభుత్వమో కంపెనీయో మోసిన రిస్కు నెమ్మదిగా కుటుంబం నెత్తిమీదికి దిగింది. పెన్షన్ తీసుకోండి. చిలీ 1981లోనే ఉద్యోగుల పెన్షన్‌ను ప్రైవేటు ఫండ్లకు అప్పగించింది, మార్కెట్ ఎంత ఇస్తే అంత. మన దేశంలో 2004 జనవరి 1 నుంచి చేరిన కేంద్ర ఉద్యోగులకు (సైన్యం మినహా) ఖాయమైన పెన్షన్ పోయి, జమచేసిన డబ్బు మీద ఆధారపడే కొత్త పథకం వచ్చింది. అప్పుడు పెద్ద గొడవేమీ జరగలేదు, ఎందుకంటే ఆ రోజు చేరినవాళ్లకు రిటైర్మెంట్ ముప్పై ఏళ్ల దూరంలో ఉంది. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2022 హిమాచల్ ప్రదేశ్ ఎన్నికల్లో పాత పెన్షన్ పెద్ద అంశమై కూర్చుంది. 2024 ఆగస్టులో కేంద్రం పాతికేళ్ల సర్వీసుకు చివరి ఏడాది సగటు బేసిక్‌లో సగం పెన్షన్‌గా గ్యారంటీ ఇస్తూ ఇంకో పథకం ప్రకటించింది. రిస్కు బదిలీ అయిన రోజుకూ దాని రాజకీయం బయటపడిన రోజుకూ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. పాలకులు మోసపోయేది అక్కడే. జనం ఏమీ అనలేదు కాబట్టి ఒప్పుకున్నారనుకుంటారు.

ఆ దూరం అర్థం కావాలంటే జర్మనీ కథ సరిగ్గా తెలియాలి. ఆ కథను చాలామంది తప్పుగా చెబుతారు. "ధరలు విపరీతంగా పెరిగాయి, అందుకే హిట్లర్ వచ్చాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తేదీలు చూస్తే అలా లేదు. 1923 నవంబరులో ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు (మార్కు అంటే అప్పటి జర్మనీ కరెన్సీ). జీవితాంతం దాచుకున్న డబ్బు, యుద్ధకాలంలో దేశం కోసం కొన్న బాండ్లు, బీమా పాలసీలు అన్నీ చిత్తు కాగితాలయ్యాయి. కానీ దాని తర్వాత ఐదేళ్లకు, 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చింది 2.6 శాతం ఓట్లు. మార్కు నిలబడింది, ఉద్యోగాలు వచ్చాయి, పైకి అంతా బాగానే ఉంది.

లోపల మాత్రం ఒకటి విరిగిపోయింది. పాత అప్పుల విలువను కొంత తిరిగి కట్టిస్తామని 1925లో చట్టం చేశారు, అందులో ప్రభుత్వ బాండ్లు కొన్నవాళ్లకు దక్కింది నామమాత్రం. దేశాన్ని నమ్మి డబ్బిచ్చినవాడే అందరికంటే ఎక్కువ నష్టపోయాడు. గుమాస్తాలు, చిన్న వ్యాపారులు, టీచర్లు, పెన్షనర్లు అప్పటిదాకా ఓటేసిన మధ్యేవాద పార్టీలను ఒక్కొక్కరే వదిలేశారు. వెంటనే నాజీల దగ్గరికి పోలేదు, చిన్నచిన్న పార్టీల్లోకి చెదిరిపోయారు. 1919లో 18 శాతం పైగా ఓట్లు తెచ్చుకున్న ఉదారవాద డెమోక్రాటిక్ పార్టీ 1932 జులై నాటికి ఒక్క శాతం దగ్గరికి వచ్చేసింది. అంటే 1929లో అమెరికా మార్కెట్ కూలి రెండో దెబ్బ పడేసరికి ఆ జనానికి తమది అనుకునే పార్టీయే లేదు. 1930 సెప్టెంబరులో నాజీలకు 18 శాతం, 1932 జులైలో 37 శాతం. ఇంకో విషయం గమనించాలి. ఉద్యోగం పోయి రోడ్డున పడ్డవాళ్ల ఓట్లు ఎక్కువగా కమ్యూనిస్టులకు వెళ్లాయి. నాజీలకు బలం ఇచ్చినవాళ్లలో సొంత దుకాణం, సొంత పొలం, చిన్న వర్క్‌షాప్ ఉన్నవాళ్లు ఎక్కువ. వాళ్ల చేతిలో ఇంకా కొంత ఉంది, అది జారిపోతుందని వణుకుతున్నారు. మీ ప్రశ్నకు నా దగ్గరున్న అన్నిటికంటే బలమైన జవాబు ఈ లెక్కే.

భయం అన్నిచోట్లా అలాంటి చీకట్లోకే నడుస్తుందని అనడం లేదు. 1933లో అమెరికాలో ఏం జరిగిందో చూడండి, బ్యాంకువాడిగా నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. మార్చి 4న రూజ్‌వెల్ట్ ప్రమాణం చేసేనాటికి దేశంలో బ్యాంకులు చాలావరకు తలుపులు మూసుకున్నాయి. ఆయన అన్ని బ్యాంకులకూ సెలవు ప్రకటించి, 12వ తేదీ రాత్రి రేడియోలో, బ్యాంకు మీ డబ్బును ఏం చేస్తుంది, అందరూ ఒకేసారి అడిగితే ఎందుకు ఇవ్వలేదు అని మామూలు మాటల్లో వివరించాడు. మర్నాటి నుంచి బ్యాంకులు తెరుచుకుంటే జనం డబ్బు తీసుకోవడానికి కాకుండా మళ్లీ జమ చేయడానికి వరుస కట్టారు. మాటతో ఆగలేదు. ఆ ఏడాదే డిపాజిట్లకు బీమా చట్టం తెచ్చి, 1934 జనవరి నుంచి 2500 డాలర్ల దాకా గ్యారంటీ ఇచ్చారు. 1933లో దాదాపు 4000 బ్యాంకులు మూతపడితే, 1934లో బీమా ఉన్న బ్యాంకుల్లో కూలినవి తొమ్మిది. జనానికి కొత్తగా ఆదాయం ఏమీ పెరగలేదు. ఉన్నది పోదు అన్న హామీ దొరికింది, అంతే.

ఇక కోపం ఎటు తిరుగుతుందన్నది. 2008లో అమెరికాలో ఇళ్ల లోన్ల సంక్షోభం వచ్చింది. 2009 ఫిబ్రవరిలో ఒబామా ప్రభుత్వం వాయిదాలు కట్టలేనివాళ్లకు సాయం చేస్తామనగానే, మర్నాడే చికాగో ట్రేడింగ్ హాల్లోంచి ఒక టీవీ వ్యాఖ్యాత "పక్కింటివాడి లోన్ మనమెందుకు కట్టాలి" అనే ధోరణిలో లైవ్‌లో కేకలేశాడు. పన్నులూ ప్రభుత్వ ఖర్చూ తగ్గించాలన్న టీ పార్టీ ఉద్యమం రాజుకున్నది అక్కడే. అదే సంక్షోభం మీద 2011 సెప్టెంబరులో ఇంకో గుంపు వాల్ స్ట్రీట్ దగ్గర గుడారాలు వేసి, కారణం బ్యాంకులూ పైనున్న ఒక్క శాతమూ అంది. ఒక్క సంక్షోభం, రెండు కోపాలు, ఒకటి కిందికి చూసింది, ఇంకోటి పైకి చూసింది. రెండింటిలోనూ మధ్యతరగతి వాళ్లున్నారు.

పక్కింటివాడి మీద కోపాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. లోన్ సెక్షన్‌లో నాకు రోజూ ఎదురయ్యేది. వాయిదా ఒక్కటి తప్పకుండా కట్టినవాడు, కట్టనివాడికి మాఫీ వచ్చిందని తెలిసిన రోజు కౌంటర్ దగ్గరకు వచ్చి నా ముఖంలోకి చూసేవాడు. ఆ చూపులో స్వార్థం ఉందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. నియమం ప్రకారం నడుచుకున్నందుకు తనకు దక్కిందేమిటి అన్న ప్రశ్న అది, న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా "నీకంటే వాడు పేదవాడు కదా" అని పాఠం చెప్పే పార్టీని ఆ మనిషి ఇక నమ్మడు.

అర్జెంటీనాలో కొద్ది వారాలపాటు ఈ పైకీ కిందికీ మధ్య గోడ కూలిపోయింది. 2001 డిసెంబరు మొదట్లో బ్యాంకుల్లోంచి వారానికి 250 పెసోల కంటే ఎక్కువ తీయకూడదని ఆంక్ష పెట్టారు. 19వ తేదీ రాత్రి బ్యూనస్ ఎయిర్స్‌లో అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో నిలబడి గిన్నెలు, మూకుళ్లు గరిటెలతో మోగించడం మొదలుపెట్టి, అలాగే వీధుల్లోకి దిగారు. అప్పటికే రోడ్లు దిగ్బంధిస్తున్న నిరుద్యోగులూ వీళ్లూ ఒకటయ్యారు, "అందరూ పొండి" అన్నదే నినాదం. మర్నాడు అధ్యక్షుడు దె లా రువా రాజీనామా చేసి హెలికాప్టర్‌లో వెళ్లిపోయాడు. కానీ పరిస్థితి కుదుటపడి, బ్యాంకులు తెరుచుకున్నాక అదే మధ్యతరగతికి ఆ నిరుద్యోగుల రాస్తారోకోలు విసుగు తెప్పించాయి. అందరికీ ఒకేసారి భయం వేసినప్పుడు పుట్టిన ఐక్యత, భయం కొందరికి తగ్గగానే నిలవలేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి ఒకటుంది, అది నెమ్మదిగా జరిగేది కాబట్టి వార్తల్లోకి రాదు. అభద్రత పెరిగినకొద్దీ మధ్యతరగతి తన పిల్లలను ప్రభుత్వ బడి నుంచి తీసేస్తుంది, ప్రభుత్వ ఆస్పత్రి మానేస్తుంది, బస్సు మానేస్తుంది. ఎవరి పిల్లల భవిష్యత్తు వాళ్లకు ముఖ్యం, తప్పు పట్టలేం. కానీ అర్జీ రాయడం తెలిసినవాళ్లు, ఆఫీసుల చుట్టూ తిరిగి అడగ్గలిగినవాళ్లు, పత్రికలకు ఉత్తరం రాసేవాళ్లు బయటికి వెళ్లిపోయాక ఆ బడిని అడిగే నాథుడు ఉండడు, అది ఇంకా పాడవుతుంది. అప్పుడు ఇదే మనిషి అటు పన్నూ కడతాడు, ఇటు ఫీజూ కడతాడు. "నా పన్నుకు నాకేమొచ్చింది" అంటాడు, నిజంగానే ఏమీ రాలేదు. అక్కడి నుంచి పన్ను తగ్గిస్తానన్నవాడు ఒక్కడే స్నేహితుడిలా కనిపిస్తాడు. పన్ను తగ్గితే బడి ఇంకా చిక్కిపోతుంది, ఫీజు ఇంకా పెరుగుతుంది.

శ్రీలంకలో ఇది కళ్లముందే నడిచింది. 2019 నవంబరులో గోటబయ రాజపక్స 52 శాతం ఓట్లతో గెలిచి, వెంటనే వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి దించి, ఇతర పన్నులూ భారీగా తగ్గించాడు. మధ్యతరగతి సంతోషించింది. తర్వాత కొవిడ్‌తో టూరిజం పడిపోయింది, ఖజానాలో పన్ను లేదు, డాలర్లు లేవు. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని దేశమే చేతులెత్తేసింది. కారు ఉన్నవాళ్లు పెట్రోలు కోసం రోజుల తరబడి వరుసల్లో నిలబడ్డారు, రాత్రి సీట్లోనే పడుకున్నారు. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి వెళ్లిపోయారు. తర్వాత 2023లో ఆదాయపు పన్ను పెంచితే డాక్టర్లు, యూనివర్సిటీ టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు సమ్మెకు దిగారు. 2024 అధ్యక్ష ఎన్నికల్లో ఏకంగా వామపక్ష నేత అనుర కుమార దిశానాయకే గెలిచాడు, ఐదేళ్ల ముందు అవే ఎన్నికల్లో ఆయనకు వచ్చింది 3 శాతం. ఇంత తక్కువ కాలంలో ఇంత ఊగిసలాటను "జనం మారిపోయారు" అంటే సరిపోదు. జనం అడిగింది ప్రతిసారీ ఒకటే, నిలకడ.

చిలీ కూడా అంతే. 2019 అక్టోబరులో మెట్రో టికెట్ 30 పెసోలు పెంచితే దేశం భగ్గుమంది. "30 పెసోల కోసం కాదు, 30 ఏళ్ల కోసం" అన్నారు. పెన్షన్, చదువుల అప్పు, వైద్యం అన్నీ ఆ 30 ఏళ్లలోకి వచ్చాయి. కొత్త రాజ్యాంగం కావాలని 2020లో 78 శాతం ఓటేశారు. వామపక్షం మొగ్గున్న ముసాయిదా 2022లో వస్తే 62 శాతం వద్దన్నారు, కుడివైపు మొగ్గున్నది 2023లో వస్తే దాన్నీ తోసేశారు. ఇది తికమక అని చాలామంది రాశారు. నాకు అలా అనిపించదు. మార్పు కావాలి, కానీ ఆ మార్పులో నా ఇల్లు, నా పెన్షన్ ఖాతా ఏమవుతాయో అని భయపడేవాడు రెండు ముసాయిదాలనూ తోసేయడంలో వింతేమీ లేదు.

మతం, జాతి, వలసలు లాంటివే అసలు కారణాలు, డబ్బు సంగతి చిన్నది అనేవాళ్లున్నారు. వాటికి సొంత బలం ఉందని ఒప్పుకుంటాను. కాకపోతే ఆ మాటలు ఎప్పుడూ ఉన్నవే. నెల గడుస్తుందన్న ధీమా ఉన్నప్పుడు వాటిని విని పక్కన పెట్టే మనిషి, ఆ ధీమా పోయాక ఆగి వింటాడు. ఆ తేడానే నేను అభద్రత అంటున్నాను.

చివర్లో "దీన్ని ముందే పసిగట్టవచ్చా" అని అడిగారు. కొంతవరకు వీలవుతుంది, కానీ సగటు ఆదాయం, జీడీపీ చూస్తే దొరకదు. ఇంటి బడ్జెట్ మీదికి ఏ దెబ్బ, ఏ తేదీన రాబోతుందో చూడాలి. బ్రిటన్‌లో ఇంటి లోన్ వడ్డీ సాధారణంగా రెండేళ్లకో ఐదేళ్లకో ఖాయం చేస్తారు, గడువు తీరాక అప్పటి రేటు. 2022 సెప్టెంబరు 23న కన్జర్వేటివ్ పార్టీ ప్రధాని లిజ్ ట్రస్ ప్రభుత్వం డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చెప్పకుండా పన్నుల కోత ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే లోన్ ఆఫర్లు మార్కెట్లోంచి మాయమయ్యాయి, రెండేళ్ల రేటు సగటున 6 శాతం దాటింది. ఆమె అక్టోబరు 20న రాజీనామా ప్రకటించింది, వడ్డీలు తర్వాత కొంత దిగాయి, పత్రికలు వేరే విషయాలకు మళ్లాయి. కానీ పాత చౌక వడ్డీ గడువు ఒక్కో ఇంటికి ఒక్కో నెలలో తీరుతుంది. కాబట్టి కొత్త వాయిదా ఎంతో చెప్పే ఉత్తరం ఈ నెల ఒకరికి, వచ్చే నెల ఇంకొకరికి, అలా ఏడాదిన్నర పైగా ఇళ్లకు వస్తూనే ఉంది. 2024 జులై ఎన్నికల్లో ఆమె కన్జర్వేటివ్ పార్టీకి మిగిలినవి 121 సీట్లు. మీరు ఏ దేశం చూస్తున్నా ఇలాంటి ఉత్తరాలు ఎవరికి, ఎప్పుడు వెళ్లబోతున్నాయో వెతకండి. లోన్ గడువులు, పెన్షన్ మొదలయ్యే ఏడాది, ఫీజుల పెంపు, కాంట్రాక్టులు తీరే నెల, వీటి లెక్కలు చాలావరకు బహిరంగంగానే దొరుకుతాయి.